చిన్నప్పటి చెలిమె కోసం వెళ్తే

చిన్నప్పుడు నీళ్లు తాగిన ఊటల దగ్గరికి మళ్లీ ఎవరైనా వెళ్లారా, అవి ఇంకా ఉన్నాయా అని అడిగారు కదా. నేను పోయిన ఎండాకాలం రెండింటిని వెతుక్కుంటూ వెళ్లాను. ఒకటి పోయింది, ఒకటి ఉంది.

పోయింది మా అమ్మమ్మ ఊరి చెలిమె, అంటే వాగు ఇసుకలో తోడుకునే నీటి గుంట. ఊరు దేవరకొండ వైపు, డిండి నదిలో కలిసే ఒక చిన్న వాగు ఒడ్డున. సెలవుల్లో పొద్దున్నే బిందెలు పట్టుకుని వాగుకు పోయేవాళ్లం. మోచేతి లోతు ఇసుక తోడితే తడి తగిలేది, ఇంకాస్త తోడితే నీళ్లు ఊరేవి. మొదట వచ్చేవి మట్టి నీళ్లు. రెండు మూడుసార్లు ముంతతో పారబోశాక తేట నీళ్లు వచ్చేవి. బిందె మూతికి పాత చీర గుడ్డ కట్టి మెల్లగా పోయాలి. తొందరపడి అడుగు కలిపితే మళ్లీ మడ్డి, అమ్మమ్మ మొట్టికాయ ఖాయం.

ఊళ్లో బోరింగు ఉండేది. కానీ ఆ నీళ్లకు కందిపప్పు ఉడకదని అమ్మమ్మ దాని జోలికి పోయేది కాదు. పప్పు ఉడకనిది నీళ్ల కఠినత్వం వల్ల. అసలు ప్రమాదం ఫ్లోరైడ్, దానికి రుచీ పచీ ఉండదు. మా నల్గొండ జిల్లా రాతిపొరల్లో ఏళ్లకేళ్లు నిలిచిన నీళ్లలోకి అది దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దంటారు. చెలిమెలో ఊరేవి మొన్నటి వాన నీళ్లు, రాయితో అంత సావాసం చెయ్యనివి. ఊళ్లో బోరింగు నీళ్లతో పెరిగిన నా ఈడు వాళ్లు చాలామందికి ఫ్లోరైడ్ వల్ల గారపళ్లు. అమ్మమ్మ చెప్పిన కారణం వేరే అయినా, చేసిన పని మంచిదే.

ఈసారి మామ బండి మీద తీసుకెళ్లాడు. వానలు తగ్గి చెలిమె ఎండిపోయి ఉంటుందనుకుంటూ వెళ్లాను. తీరా చూస్తే వాగులో ఇసుకే లేదు. బండరాళ్లు, ఎర్రమట్టి గుంతలు, ఒడ్డు దాకా సర్కారు తుమ్మ. ఎన్నో ఏళ్లు ట్రాక్టర్లు తోలుకుపోయాయట.

"ఇసుక పోయినంక చెలిమె యాడిది అల్లుడా?" అన్నాడు మామ.

నాకు అప్పటిదాకా తట్టలేదు. వాన నీళ్లు దాచుకునే కుండ ఆ ఇసుకే. అది లేకపోతే వాన పడ్డా వచ్చిన నీళ్లు వచ్చినట్టే డిండికి పోతాయి. మిగిలిన కాస్త తడిని చుట్టూ బత్తాయి తోటల బోర్లు లాగేస్తాయి. తోటల వాళ్లను తప్పుపట్టలేను, అందులో మామ తోట కూడా ఉంది.

ఉన్నది ఉమామహేశ్వరంలో. అచ్చంపేట దగ్గర, శ్రీశైలానికి ఉత్తర ద్వారం అంటారు. గుడి దాటి కొండ వెంట నడిస్తే పాపనాశనం అనే ఊట వస్తుంది. చిన్నప్పుడు నల్లమల అడవి లోపలి సలేశ్వరం జాతరకు పోతూ అక్కడ ఆగేవాళ్లం. ఏప్రిల్ ఎండలో కూడా రాతి కింద నీళ్లు ఊరుతూనే ఉన్నాయి. నా జ్ఞాపకంలో ఉన్నంత ధార కాదు గానీ, చల్లదనం మాత్రం అదే. పైనంతా అమ్రాబాద్ అడవి. వాన రాతి పగుళ్లలోకి ఇంకి నెమ్మదిగా కిందికి దిగుతుంది, మధ్యలో బోరు వేసేవాడు లేడు. అడవిని కాపాడేది పులుల కోసమే అయినా, మేలు ఊటకూ జరిగింది. దారి పొడవునా ప్లాస్టిక్ సీసాలు చూస్తే మాత్రం ఒళ్లు మండింది.

మీరు కూడా చూడాలనుకుంటే ఏప్రిల్, మే నెలల్లోనే వెళ్లండి. వానాకాలంలో ప్రతి కొండా కారుతుంది, దాన్ని బట్టి ఊట బతికుందో లేదో చెప్పలేం. సలేశ్వరానికి మాత్రం చైత్ర పౌర్ణమి జాతర రోజుల్లోనే వదులుతారు.

తిరిగొచ్చేటప్పుడు మామ రెండు లీటర్ల సీసా నింపుకున్నాడు. ఇంట్లో కృష్ణా నీళ్ల నల్లా ఉండగా ఇవెందుకన్నాను. "పప్పుల పోస్తా, ఎట్ల ఉడుకుతదో చూద్దాం" అన్నాడు.