డల్లాస్ డిక్రీ, కొండాపూర్ ఫ్లాట్

ప్రశ్న: 2014లో గుంటూరులో మా పెళ్లయింది. మూడేళ్లుగా పుట్టింట్లోనే ఉంటున్నాను. మావారు డల్లాస్‌లో విడాకుల కేసు వేశారు. మెయిల్‌లో వచ్చిన నోటీసుకు నేను జవాబివ్వలేదు. ఇప్పుడు డిక్రీ పంపారు. కొండాపూర్ ఫ్లాట్ నాకే చెందుతుందని, ఆయన నాకు 60 వేల డాలర్లు ఇవ్వాలని అందులో ఉంది. ఫ్లాట్ ఇద్దరి పేరిటా ఉంది, ఇంకా 31 లక్షల అప్పు ఉంది. మొదటి విడతగా 10 వేల డాలర్లు పంపుతాను, ఖాతా నంబరు ఇవ్వమంటున్నారు. ఇవ్వొచ్చా?

జవాబు: ఇప్పుడే ఇవ్వకండి. ఈ డిక్రీ ఇక్కడ చెల్లుతుందా లేదా అన్నది చాలావరకు మీరు దాన్ని ఒప్పుకున్నారా అన్నదాని మీదే ఉంటుంది. డబ్బు తీసుకుంటే ఒప్పుకున్నట్టేనని రేపు ఆయన లాయరు వాదిస్తాడు.

తిరుపతిలో పెళ్లి, మిస్సోరీలో విడాకులు, యాదగిరిగుట్టలో రెండో పెళ్లి. ఇలాంటి కేసులోనే 1991లో సుప్రీంకోర్టు దారి చూపింది. ఏ చట్టం ప్రకారం పెళ్లయిందో ఆ చట్టం ఒప్పుకునే కోర్టు, ఆ చట్టంలో ఉన్న కారణంతో ఇస్తేనే విదేశీ విడాకులు చెల్లుతాయి. మినహాయింపులు మూడే: కేసు ఎదుర్కొనేవారు స్థిరంగా ఉంటున్న చోటే అది నడిచి, మన చట్టంలోని కారణంతోనే డిక్రీ రావడం, వాళ్లు తమంతట తాము హాజరై అలాంటి కారణంపైనే వాదించడం, లేదా విడాకులకు ఒప్పుకోవడం. డల్లాస్ ఉన్న టెక్సస్‌లో విడాకులకు ‘ఇక పొసగదు’ అంటే చాలు. హిందూ వివాహ చట్టంలో ఆ ఒక్క కారణంతో ఫ్యామిలీ కోర్టు విడాకులివ్వదు. మీరు గుంటూరులో ఉన్నారు, హాజరు కాలేదు, ఒప్పుకోలేదు. కాబట్టి ఇక్కడి చట్టం దృష్టిలో మీరింకా భార్యే.

అది గెలుపేం కాదు. ఆయన మళ్లీ పెళ్లి చేసుకుంటే ఇక్కడ చెల్లదు సరే, మీ పరిస్థితీ అంతే. ఫ్లాట్‌లో సగం ఆయన పేరునే ఉంటుంది. ఇక్కడి స్థిరాస్తి ఎవరిదో విదేశీ కోర్టు తేల్చలేదు. డిక్రీ చూపిస్తే సబ్‌రిజిస్ట్రార్ పేరు మార్చడు. డాలర్ల సంగతీ అంతే. అమెరికా డిక్రీని ఇక్కడ నేరుగా అమలు చేయించలేం. దాని ఆధారంగా మూడేళ్లలోపు కొత్తగా దావా వేయాలి. మీరు హాజరు కాకుండా వచ్చిన ఎక్స్‌పార్టీ డిక్రీతో అది నిలవడం కష్టం.

విడిపోవడం మీకూ సమ్మతమైతే అవే షరతులు రాసుకుని గుంటూరు ఫ్యామిలీ కోర్టులో హిందూ వివాహ చట్టం 13-బి సెక్షన్ కింద పరస్పర అంగీకార పిటిషన్ వేయండి. ఏడాదికి పైగా విడిగా ఉన్నారు కాబట్టి అర్హత ఉంది. పిటిషన్ వేశాక ఆగాల్సిన ఆరు నెలల గడువును తగిన కారణం ఉంటే కోర్టు సడలించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన రాలేకపోతే జీపీఏ (తన తరఫున వేరొకరికి అధికారమిచ్చే పత్రం) ద్వారానో వీడియోలోనో నడిపేందుకు కోర్టు అనుమతి అడగవచ్చు. జీపీఏ భారత కాన్సులేట్‌లో రాయించవచ్చు. ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించకపోతే పెనాల్టీ పడుతుంది.

ఎక్కువమంది పొరపాటు చేసేది ఏది ముందు, ఏది తర్వాత అన్న దగ్గర. ఆయన సగం వాటాను గుంటూరు కోర్టు తుది డిక్రీకి ముందే మీ పేర రిజిస్టర్ చేయించండి. భర్త ఇచ్చిన ఆస్తికి మీకు ఆదాయపు పన్ను లేదు, కుటుంబ సభ్యుల మధ్య బదిలీకి స్టాంపు డ్యూటీ కూడా తక్కువ. విడాకులయ్యాక ఆయన చట్టరీత్యా బంధువు కాదు, అప్పుడు పన్ను చిక్కు మొదలవుతుంది. ‘విడిగా ఉండేందుకు కుదిరిన ఒప్పందంలో భాగంగా’ అన్న వాక్యం దస్తావేజులో ఉండాలి. అది లేకపోతే ఆ వాటా అద్దె ఆయన ఆదాయంలో కలుస్తుంది, ఆయన పేచీ పెడతారు.

రిజిస్ట్రేషన్‌కు ముందు బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి. అప్పు ఒక్కరి పేరు మీదకు మార్చాలంటే బ్యాంకు మీ జీతం చూస్తుంది. అందుకే ఒప్పందం కుదిరాక ఆ డాలర్లను ముందు లోన్ ఖాతాకే కట్టించండి. అప్పు తీరి ఇంకా మిగులుతుంది. మిగిలింది నెలనెలా కాకుండా ఒకేసారి అడగండి. ఏకమొత్తం భరణాన్ని ఆదాయంగా కాక మూలధన రాబడిగానే చూస్తారు, పన్ను ఉండదు. నెలవారీ భరణానికి పన్ను పడుతుంది.

ఈలోపు ఆయన మెయిల్‌కు ‘సరే’, ‘థాంక్స్’ లాంటివి రాయకండి. ‘నా హక్కులకు భంగం లేకుండా, నా లాయరు జవాబిస్తారు’ అన్న ఒక్క వాక్యం చాలు.