ఫ్యాన్లు తిరుగుతున్నా డిస్‌ప్లే రాకపోతే

ఆన్‌లైన్ కోర్సులో చూసి పాత పీసీ విప్పి, దుమ్ము దులిపి బిగించాక ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉందన్నారు కదా. టెన్షన్ పడకండి, మదర్‌బోర్డు (భాగాలన్నీ బిగించే ప్రధాన బోర్డు) పోయిందని అప్పుడే అనుకోవద్దు.

ముందు పవర్ వైరు పీకేసి, పవర్ బటన్ ఓ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. తర్వాత ర్యామ్ (మెమరీ స్టిక్) తీసి, బంగారు రంగు అంచును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిచి, ఆరనివ్వండి. మళ్లీ పెట్టేటప్పుడు క్లిప్ ‘టక్’మని పడేదాకా నొక్కాలి. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే: విరిగిపోతుందేమోనని భయపడి సగమే దింపుతారు. రెండు స్టిక్కులుంటే ఒక్కటే పెట్టి చూడండి.

అప్పటికీ రాకపోతే ప్రాసెసర్ పక్కనుండే 4 లేదా 8 పిన్నుల పవర్ కనెక్టర్ చూడండి. అది మరిచిపోయినా ఫ్యాన్లు మామూలుగానే తిరుగుతాయి, అందుకే అనుమానం రాదు.

మానిటర్ కేబుల్ కూడా చూడండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే దానికే పెట్టాలి. నేనోసారి మదర్‌బోర్డుకు గుచ్చేసి సగం రోజు తల పట్టుకున్నాను!

ఇవన్నీ చేశాక బీప్ శబ్దాలేమైనా వస్తే ఎన్నో లెక్కపెట్టి, బోర్డు మోడల్‌తో పాటు రాయండి.