ఫ్యాన్ శబ్దం మైకులో పడకుండా కంప్యూటర్‌ని చల్లగా ఉంచడం ఎలా?

ఇంట్లో ఆడియోబుక్స్ రికార్డు చేస్తుంటే కంప్యూటర్ ఫ్యాన్ హోరు మైకులో పడుతోంది, ఫ్యాన్ పీకేసి పెద్ద హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగి గాలిలోకి వదిలే లోహపు పలకల దిమ్మ) పెడితే సరిపోతుందా అని అడిగారు. నేనూ విజయవాడలో అదే పని చేస్తాను, అదీ మే నెలలో ఏసీ, సీలింగ్ ఫ్యాన్ రెండూ ఆపుకొని. నా మాట వింటే, హీట్‌సింక్ సంగతి తర్వాత, ముందు వేడి పుట్టడమే తగ్గించండి.

గొంతు రికార్డు చేయడానికి ప్రాసెసర్‌కి పెద్ద పనేం ఉండదు. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ని 100 నుంచి 99కి దించండి. ఒక్క శాతానికి ఏమవుతుందిలే అనిపిస్తుంది గానీ, చాలా మెషీన్లలో దాంతో టర్బో (ప్రాసెసర్ అవసరమైతే తనంతట తాను వేగం పెంచుకోవడం) ఆగిపోతుంది, ఫ్యాన్ కూడా నెమ్మదిస్తుంది. పైసా ఖర్చు లేదు.

ఆ ఆప్షన్ కనబడకపోయినా, హోరు తగ్గకపోయినా, ఇంటెల్ ఎన్100 ఉన్న ఫ్యాన్‌లెస్ మినీ పీసీ చూడండి. ఆ ప్రాసెసర్ టీడీపీ (అంటే అది పుట్టించే వేడి లెక్క) 6 వాట్లే. అల్యూమినియం బాడీయే హీట్‌సింక్. నాది అలాంటిదే. దాన్ని పలకల సందులు నిలువుగా ఉండేలా నిలబెట్టాను. వేడెక్కిన గాలి ఆ సందుల్లోంచి పైకి పోతుంటే కింద నుంచి కొత్త గాలి వస్తుంది. సందులు అడ్డంగా ఉంటే వేడి అక్కడే నిలిచిపోతుంది, చెయ్యి పెడితేనే తేడా తెలుస్తుంది. దుమ్ము పడుతుందని మా అమ్మ దాని మీద ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పేది. ఆ గుడ్డ ఇప్పుడు మిక్సీ మీదకి మారింది.

ఉన్న డెస్క్‌టాప్‌కే చేయాలంటే 2021లో వచ్చిన నాక్టువా ఎన్‌హెచ్-పీ1 లాంటి ఫ్యాన్ అక్కర్లేని హీట్‌సింక్‌లు ఉన్నాయి. కిలో పైనే బరువు, పలకల మధ్య ఎడం బాగా ఎక్కువ. ఇరుకు సందుల్లో ఫ్యాన్ తోయకుండా గాలి కదలదు మరి. కానీ ఇన్నాళ్లూ ఆ ఫ్యాన్ గాలి మదర్‌బోర్డుకీ, ర్యామ్‌కీ కూడా తగులుతోందని మర్చిపోవద్దు. పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉంటే ఈ ఆలోచనే మానుకోండి.

గది వేడి కూడా లెక్కలోకి వస్తుంది. గది 25 డిగ్రీల నుంచి 40కి పోతే, లోపలి వేడి కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది. అందుకే ఎండాకాలంలో నేను పొద్దున్నే కూర్చుంటాను.

అద్దె ఇల్లయినా పక్క గది ఉంటే ఇవేవీ అక్కర్లేదు. మెషీన్ అక్కడ పెట్టి, తలుపు కింద నుంచి కేబుళ్లు లాగండి. చాలా ఆడియో ఇంటర్‌ఫేస్‌లు (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టెలు) యూఎస్‌బీ 2.0 మీదే నడుస్తాయి, దానికి 5 మీటర్ల కేబుల్ దాకా ఇబ్బంది ఉండదు. మానిటర్ హెచ్‌డీఎంఐకీ ఆ దూరం మామూలే.

ఫ్యాన్ లేని మెషీన్ కొన్నా, దాని పవర్ అడాప్టర్‌ని ఒకసారి చెవి దగ్గర పెట్టుకొని వినండి. కొన్ని సన్నగా కూత పెడతాయి, మైక్ దాన్ని వదలదు.