ఉప్పాడ తర్వాత చూద్దువు, ముందు పూడిక చూడు

అమ్మలూ,

నీ ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి డెల్టా తీరం కోత తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషమేసింది. ఇరిగేషన్‌లో ఇన్నేళ్లు పనిచేసినవాడిగా కొన్ని మాటలు చెప్తాను.

అందరూ నిన్ను ముందు కాకినాడ దగ్గర సముద్రం కోసేస్తున్న ఉప్పాడకి తీసుకెళ్తారు. నువ్వు మాత్రం ఎగువ నుంచి మొదలుపెట్టు. సముద్రానికి చేరని మట్టి ఎక్కడో ఒకచోట ఆగి ఉండాలి కదా, ఆ చోటు చూశాకే కింద ఏం పోతోందో అర్థమవుతుంది. శ్రీశైలం రిజర్వాయర్లో నీళ్లు పట్టే చోటు మొదట 308 టీఎంసీలు, ఇప్పుడు లెక్కలో రాసేది 215 చిల్లర. తుంగభద్ర 133 నుంచి 105 దరిదాపులకి వచ్చింది. ఆ తేడాలో చాలా భాగం కృష్ణా డెల్టాకి రావలసిన ఒండ్రే. వేసవిలో సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటపడే రోజుల్లో అక్కడికి వెళ్లు. నెర్రెలిచ్చిన ఒండ్రులో చిన్న గుంట తీసి, పొర పొరకీ మట్టి వేళ్ల మధ్య నలిపి చూడు. నది రిజర్వాయర్లోకి దిగేచోట వేగం తగ్గి ముందు ముతక ఇసుక పడిపోతుంది, పిండిలా ఉండే సన్న మట్టి ఇంకా లోపలికి, డ్యామ్ వైపు పోతుంది.

డ్యామ్‌నీ బ్యారేజీనీ ఒకే గాటన కట్టొద్దు, ఇది గట్టిగా చెప్తున్నాను. గోదావరి మీద ధవళేశ్వరంలో 1852 నుంచి ఆనకట్ట ఉంది. ఇప్పుడున్న బ్యారేజీకి 175 గేట్లు, పెద్ద వరదకి అన్నీ ఎత్తేస్తే ఎర్రనీళ్లు చాలావరకు అలాగే దిగువకి పోతాయి, నది ఏడాది పొడుగునా తెచ్చే మట్టిలో ఎక్కువ భాగం వచ్చేది ఆ వరద రోజుల్లోనే. గేట్లు దించాక ఎగువన ఇసుక మేటలు వేస్తుంది, నిజమే, కొంత ఒండ్రు కాలవల్లోకీ పోతుంది, కానీ వరదనే పట్టి ఆపే పెద్ద రిజర్వాయర్లు చేసే పని వేరు. గోదావరి 1970ల్లో ఏటా సుమారు 15 కోట్ల టన్నుల మట్టి తెచ్చేది, 2000 తర్వాత అది 6 కోట్ల లోపుకి పడిపోయింది. ఆంధ్రా యూనివర్సిటీ వాళ్లు లెక్కగడితే కృష్ణా, గోదావరి రెండు డెల్టాల తీరంలో 1965 నుంచి 2008 లోపు నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల పోయింది. ఆ అంకె చూస్తే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

అలాగని ప్రతి కోతనీ డ్యామ్‌ల మీద వెయ్యకు. ఉప్పాడ దగ్గర హోప్ ఐలాండ్ ఇసుక తిన్నె అలల దిశని మారుస్తుంది, కాకినాడ పోర్టు కట్టడాలూ ఉన్నాయి. లంకల్లో అయితే ఇసుక తవ్వకాలు కూడా చూడాలి. ఏది ఎంత అన్నదే నీ ప్రాజెక్టు.

ఆగస్టు వరదలో సీసాతో నీళ్లు పట్టి రాత్రంతా కదపకుండా ఉంచితే అడుగున ఎర్రటి బురద తేరుతుంది, సరదాగా ఉంటుంది కూడా. కానీ పైన ముంచిన సీసాలో ఇసుక దాదాపు దొరకదు, అది అడుగున దొర్లుతూ పోతుంది. డెల్టా కట్టడానికి ఆ ఇసుకా కావాలి, కాబట్టి మీ సార్‌ని అడిగి లోతు శాంపిల్ తీసే పరికరం ఇప్పించుకో. ప్రతి సీసా మీదా తేదీ, టైము, ఆ రోజు ధవళేశ్వరంలో నీటిమట్టం రాయి. పోలవరం పూర్తిగా నిండకముందు తీసిన కొలతలకి తర్వాత చాలా విలువ ఉంటుంది, అందుకే ఈ ఏడాదే మొదలుపెట్టమంటున్నాను.

లంకల్లో గట్టు కోత కొలవాలంటే గట్టుకి దూరంగా, కదలని కొబ్బరి చెట్టో గుడి అరుగో గుర్తు పెట్టుకుని అంచుదాకా టేపు పట్టు. వరద వచ్చేటప్పటికంటే తీసేటప్పుడే గట్లు ఎక్కువ జారతాయి, నానిన మట్టిని నిలబెట్టే నీళ్లు ఒక్కసారిగా దిగిపోతాయి మరి. ఆ రోజుల్లో అంచు దగ్గరికి అస్సలు వెళ్లకు, కింద మట్టి కోసుకుపోయి పైన పెళ్ల మాత్రం వేలాడుతుంటుంది, పైనుంచి చూస్తే తెలీదు. అక్కడ పడవ నడిపేవాళ్లనే వెంటబెట్టుకుని వెళ్లు. ఏ పాయ ఎప్పుడు పూడిందో వాళ్లకి తెలుసు, అయితే సంవత్సరం అడిగితే తడబడతారు, ఎనభై ఆరు వరదకి ముందా తర్వాతా అని అడుగు, ఠక్కున చెప్తారు.

నీ మావయ్య