మాజాంగ్‌లో డ్రాప్ లేదు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: గోపాల్‌పూర్ సైనిక శిక్షణ కళాశాల నుంచి బదిలీపై వెళ్తూ ఒక అధికారి కుటుంబం మాకు మాజాంగ్ (నలుగురు కూర్చుని బిళ్ళలతో ఆడే చైనా ఆట) పెట్టె ఇచ్చి వెళ్ళింది. లెక్కపెడితే 148 బిళ్ళలు ఉన్నాయి. నాలుగింటి మీద పక్షి బొమ్మ ఉంది, ఎనిమిదింటి మీద ఏమీ లేదు. పక్షి జోకరా? ఆ తెల్ల బిళ్ళలు అచ్చుపడనివా?
– ఒక పాఠకురాలు, బరంపురం, గంజాం జిల్లా

జవాబు: రెండూ కాదండీ. వెదురు వరుసలో రెండు మొదలు తొమ్మిది దాకా అన్నేసి వెదురు కర్రలు గీస్తారు, ఒకటికి మాత్రం పక్షిని వేస్తారు. చుక్కలు, వెదుళ్ళు, చైనా అంకెలు అనే మూడు వరుసల్లో ప్రతి అంకెకూ నాలుగేసి చొప్పున 108 బిళ్ళలు, నాలుగు దిక్కుల గాలులు 16, ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు డ్రాగన్లు 12, పూలు, ఋతువులు 8, వెరసి 144. తెల్ల డ్రాగన్ కొన్ని పెట్టెల్లో నీలి చట్రంతో, కొన్నింటిలో ఏ గుర్తూ లేకుండా వస్తుంది. కాబట్టి మీ ఎనిమిదింటిలో నాలుగు తెల్ల డ్రాగన్లు, తక్కిన నాలుగు ఏదైనా బిళ్ళ పోతే పనికొచ్చే అదనపువి. ఎనిమిదింటినీ ఆటలో కలిపితే మొదటి రోజే తగాదా వస్తుంది.

ప్రశ్న: మా వీధిలో అందరికీ పదమూడు ముక్కల రమ్మీ వచ్చు. మాజాంగ్ కూడా బిళ్ళలతో ఆడే రమ్మీయే అంటున్నారు. అదృష్టం మీద నడిచే ఆటకు ప్రపంచ పోటీలు ఎలా పెడతారు?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: పోలిక సరైనదే. ఇక్కడా చేతిలో 13 ఉంటాయి, ఒకటి తీసి ఒకటి వేస్తారు, నాలుగు సెట్లూ ఒక జతా కుదిరితే పద్నాలుగో బిళ్ళతో ఆట ముగుస్తుంది. రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అని ఆంధ్రప్రదేశ్ రాష్ట్రానికి సంబంధించిన ఒక కేసులో 1967లో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు, పడిన ముక్కలను గుర్తుంచుకోవడాన్నీ, ఏది ఉంచుకోవాలో ఏది వేయాలో తేల్చుకోవడాన్నీ అందుకు కారణాలుగా చూపింది. మాజాంగ్‌లో వేసిన బిళ్ళలన్నీ బల్లమీద కళ్ళెదుటే ఉంటాయి కనుక జ్ఞాపకం పని తగ్గి, వాటిని బట్టి ఎదుటివారి చేతిని ఊహించే పని పెరుగుతుంది.

రమ్మీ ఆడేవారు మొదట గ్రహించవలసింది మాత్రం మరొకటి: మాజాంగ్‌లో డ్రాప్, అంటే చేయి దించేసి ఆ ఆట నుంచి తప్పుకోవడం, లేదు. ముక్కలు బాగా లేకపోతే మనం 20 పాయింట్లు రాయించుకుని టీ తాగుతూ కూర్చుంటాం. ఇక్కడ ఎంత చెడ్డ చేయి వచ్చినా ఆ పంపకం ముగిసేదాకా బిళ్ళ తీసి వేస్తూనే ఉండాలి, వేసే ప్రతి బిళ్ళా ఒకరికి అక్కరకు రావచ్చు. చైనా క్రీడా సంఘం 1998లో ఏర్పరచిన పోటీ నియమాల ప్రకారం, మీరు వేసిన బిళ్ళతో ఎదుటివారు 12 పాయింట్ల (చేతిలో కుదిరిన కూర్పులను బట్టి లెక్కించేవి) ఆట ముగిస్తే, ఆ పన్నెండుకు ఎనిమిది కలిపి 20 మీరు ఇవ్వాలి, మిగిలిన ఇద్దరూ చెరో 8 ఇచ్చి బయటపడతారు. వారే తీసుకున్న బిళ్ళతో ముగిస్తే ముగ్గురూ తలా 20 ఇవ్వాలి. అందువల్ల ఇక గెలవలేమని తెలిసిన చేతిని కుదిరిన సెట్లతో సహా విడగొట్టి, ఎవరికీ పనికిరాదనుకున్న బిళ్ళలనే ఒక్కొక్కటిగా వేస్తూ పోవడంలో ఆటగాడి స్థాయి బయటపడుతుందని నా అభిప్రాయం.

ఇక అదృష్టం సంగతి. కనీసం 8 పాయింట్ల చేయి లేనిదే ఆట ముగించకూడదన్న నియమం చేతికి తగిలిన ఆటతో గెలిచే వీలు తీసేస్తుంది. ఒక విడత రెండు గంటలు లేదా 16 పంపకాలు సాగుతుంది. అది ముగిశాక బల్లమీది నలుగురికీ వరుసగా 4, 2, 1, 0 చొప్పున బల్ల పాయింట్లు వస్తాయి. నాలుగో స్థానంలో ఉన్నవారు 20 పోగొట్టుకున్నా 200 పోగొట్టుకున్నా వచ్చేది సున్నాయే. ఇదేం న్యాయమని మీ వీధిలో అడుగుతారు. కానీ ఒక్క బల్లమీద చేయి కలిసిరాని మనిషి తర్వాతి విడతలో మళ్ళీ నిలదొక్కుకునేది దీనివల్లనే. బల్ల పాయింట్లు సమానమైనప్పుడు ఆటలో వచ్చిన అసలు పాయింట్లు అక్కరకొస్తాయి.

ప్రశ్న: ఈ పోటీలు ఎక్కడ జరుగుతాయి? డబ్బు పెట్టి ఆడాలా? ఏ పద్ధతి నేర్చుకోవాలి?
– ఒక విద్యార్థి, సిరోంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: ఆటలో పందెం ఉండదు, పాయింట్లు పాయింట్లే. చైనా నియమాలను ఏర్పరచిన ఉద్దేశాల్లో జూదం నుంచి ఆటను వేరు చేయడం ఒకటి. 2002లో టోక్యోలో, 2007లో చెంగ్డూలో ప్రపంచ పోటీలు జరిగాయి. యూరప్ తొలి పోటీ 2005లో నెదర్లాండ్స్‌లోని నైమెగన్‌లో జరిగింది. జపాన్ పద్ధతి అయిన రీచీకి ప్రపంచ పోటీలు వేరు: 2014లో పారిస్ పక్కనున్న ప్యూటోలో, 2017లో లాస్ వెగాస్‌లో, 2022లో వియన్నాలో, 2025లో టోక్యోలో జరిగాయి.

మీరు రమ్మీ తెలిసినవారైతే రీచీతో మొదలుపెట్టమంటాను. అందులో ఎవరు ఏ వరుసలో ఏ బిళ్ళ వేశారో వారి ముందు బారులుగా పేర్చి ఉంటుంది. మీరు ఆట ముగించడానికి పనికొచ్చే బిళ్ళను అంతకుముందు మీరే వేసి ఉంటే, తర్వాత ఇతరులు వేసినదానితో ముగించే హక్కు మీకు ఉండదు. పైగా ఎవరు వేసిన బిళ్ళతో ఆట ముగిసిందో ఆ నష్టమంతా వారొక్కరే భరించాలి. దీనికి 136 బిళ్ళలు చాలు. బరంపురం పాఠకురాలి పెట్టెలాంటిది దొరికితే, అదనపు తెల్లవి నాలుగూ, పూలూ ఋతువులూ ఎనిమిదీ పక్కన పెట్టి మొదలుపెట్టవచ్చు.