మొదటి సెమిస్టర్‌లోనే 18 క్రెడిట్లు వద్దండీ

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. టెక్సాస్‌లోని ఒక స్టేట్ యూనివర్సిటీలో బీఎస్ కంప్యూటర్ సైన్స్‌లో సీటు వచ్చింది. ఆగస్టులో ప్రయాణం. కోర్సుల లిస్టు చూస్తే అమెరికా చరిత్ర, ప్రభుత్వం, సంగీతం లాంటివి చాలా ఉన్నాయి. వీటిని ముందే వదిలించుకోవాలా, కంప్యూటర్ సబ్జెక్టులు ముందు తీసుకోవాలా? రెండూ పోల్చి చెప్పండి. సెమిస్టర్‌కు 18 క్రెడిట్లు తీసుకుంటే మూడేళ్లలో డిగ్రీ అయిపోయి ఏడాది ఖర్చు మిగులుతుందంటున్నారు. నేను వేసిన టైమ్‌టేబుల్ జత చేశాను. – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ టైమ్‌టేబుల్ రెండుసార్లు చూశాను. ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో రంగు వేశారు. సోమవారం ఉదయం 8 గంటలకు కాల్‌క్యులస్‌తో మొదలవుతుంది. మంగళ, గురువారాల్లో మధ్యాహ్నం భోజనానికి కూడా ఖాళీ లేదు. శని, ఆదివారాల గళ్లలో ‘క్యాంపస్ జాబ్’ అని రాశారు. ఎంత శ్రద్ధ పెట్టారో తెలుస్తూనే ఉంది. కానీ మూడు పేజీల మీ ఉత్తరంలో అబ్బాయి ఏమనుకుంటున్నాడో ఒక్క మాట కూడా లేదండీ.

ప్రతి ఏడాదీ జూన్, జూలైల్లో ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది. అడిగేది క్రెడిట్ల (ఒక క్రెడిట్ అంటే స్థూలంగా వారానికి ఒక గంట క్లాసు) గురించే అయినా, లోపలి దిగులు వేరు. అప్పు చేసి పంపుతున్నాం, అంత దూరంలో వాడు నిలదొక్కుకుంటాడా అన్నదే ఆ దిగులు. ముందు దానికే చెప్తాను. నిలదొక్కుకుంటాడు. ఎంపీసీ బాగా చదివిన పిల్లలకు అక్కడి మొదటి సెమిస్టర్ లెక్కలు కొత్తగా అనిపించవు. లిమిట్స్, డెరివేటివ్స్ ఇక్కడ చేసినవే. నేను చూసినంతలో మన పిల్లలు తడబడేది ఎవరూ భయపడని చోట, ఇంగ్లిష్ కాంపోజిషన్‌లో.

నా దగ్గర సలహా తీసుకుని వెళ్లిన ఒక అబ్బాయి తన మొదటి వ్యాసాన్ని ప్రొఫెసర్ దిద్దాక ఫొటో తీసి పంపాడు. గ్రామర్ తప్పు ఒక్కటీ లేదు. పేరాలు చక్కగా ఉన్నాయి. చివర ఎర్ర ఇంకుతో ఒక్క వాక్యం: ‘ఇందులో నీ అభిప్రాయం ఏది?’ ఆ అబ్బాయి ఇంటర్‌లో 970 దాటిన విద్యార్థి. రెండేళ్ల హాస్టల్ చదువులో వాడి అభిప్రాయం ఎవరూ అడగలేదు. ఆ ఒక్క పేపర్‌ను మూడుసార్లు తిరగరాశాడు, రైటింగ్ సెంటర్‌కు వెళ్లి కూర్చున్నాడు. సెమిస్టర్ చివరికి బి వచ్చింది. ఇప్పుడు బాగా రాస్తున్నాడు. ఆ సెమిస్టర్‌లో అతను తీసుకున్నది 14 క్రెడిట్లే. అదే 18 అయ్యుంటే ఆ పేపర్ తిరగరాయడానికి టైమ్ ఎక్కడిది?

ఇక మీరు ‘అనవసరం’ అన్న సబ్జెక్టుల సంగతి. టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో డిగ్రీకి సాధారణంగా 120 క్రెడిట్లు ఉంటే, అందులో 42 కోర్ కరిక్యులమ్. అంటే ప్రధాన సబ్జెక్టు (మేజర్) ఏదైనా అందరూ చదవాల్సినవి, వీటినే జెన్ ఎడ్ అని కూడా అంటారు. అమెరికా చరిత్రకు 6, ప్రభుత్వానికి 6 క్రెడిట్లు చదవాలని ఆ రాష్ట్ర చట్టమే చెబుతోంది. ప్రభుత్వం సబ్జెక్టులో అమెరికా రాజ్యాంగంతో పాటు టెక్సాస్ రాజ్యాంగం కూడా ఉంటుంది. కంప్యూటర్ సైన్స్ వాడికి ఎందుకని అడిగినా మినహాయింపు ఉండదు. సైన్సు, లెక్కలు, కళలు, సోషల్ సైన్సెస్ లాంటివన్నీ ఆ 42లోవే. మీ అబ్బాయి మేజర్‌కు కావాల్సిన కాల్‌క్యులస్, ఫిజిక్స్ కూడా చాలావరకు ఇందులోనే లెక్కకు వస్తాయి. అంటే మీరు భయపడినంత ‘అదనం’ లేదు. పైగా ఈ కోర్ పూర్తి చేస్తే టెక్సాస్‌లోని మరో ప్రభుత్వ యూనివర్సిటీకి మారినా ఆ క్రెడిట్లు చెల్లుతాయి.

పోల్చి చెప్పమన్నారు. రెండు దారులూ తప్పే. కంప్యూటర్ సైన్స్‌లో సబ్జెక్టులు గొలుసులా ఉంటాయి. ప్రోగ్రామింగ్ ఒకటి అయితేనే రెండోది, ఆ తర్వాతే డేటా స్ట్రక్చర్స్. కాల్‌క్యులస్ ఒకటి అయితేనే రెండు. జెన్ ఎడ్ అంతా ముందు పెట్టుకుంటే ఈ గొలుసు ఏడాది ఆలస్యంగా మొదలవుతుంది, చివర్లో ఇరుక్కుంటాడు. అలాగని మేజర్ సబ్జెక్టులే తీసుకుంటే అన్నీ ఒకే వారంలో పరీక్షలు పెట్టి ఊపిరాడనివ్వవు. గొలుసు సబ్జెక్టులు రెండు, వాటి పక్కన జెన్ ఎడ్ రెండు, అంతే. కాల్‌క్యులస్ 4, ప్రోగ్రామింగ్ 3 లేక 4, ఇంగ్లిష్ కాంపోజిషన్ 3, చరిత్రో ప్రభుత్వమో ఒకటి 3. యూనివర్సిటీలో ఫస్ట్ ఇయర్ సెమినార్ ఉంటే మరో 1. మొత్తం 13 నుంచి 15 మధ్య ఆగుతుంది. ఎన్ని క్రెడిట్లో తెలియకపోతే కోర్సు నంబర్ చూడమనండి. టెక్సాస్‌లో చాలా కాలేజీలు వాడే నంబర్లలో రెండో అంకె క్రెడిట్లు చెబుతుంది. మ్యాథ్ 2413 అంటే 4 క్రెడిట్లు, హిస్టరీ 1301 అంటే 3.

లెక్కల ప్లేస్‌మెంట్ టెస్ట్ చాలాచోట్ల ఇంట్లో కూర్చునే రాయొచ్చు. దయచేసి ట్యూషన్ మాస్టారిని పక్కన కూర్చోబెట్టకండి. వచ్చిన స్కోరును బట్టే అక్కడ క్లాసు ఇస్తారు. ఆ క్లాసులో కూర్చునేది మాస్టారు కాదు.

ఇప్పుడు మూడేళ్ల డిగ్రీ. ఈ మధ్య వాట్సాప్ గ్రూపుల్లో ఇదో ఫ్యాషన్ అయిపోయింది, నాకు మాత్రం దీని మీద గట్టి అనుమానాలే ఉన్నాయి. లెక్క మీరే వేయండి. 18 చొప్పున ఆరు సెమిస్టర్లంటే 108. మిగిలిన 12 సమ్మర్‌లో తీసుకోవాలి. మూడేళ్లలో మధ్యలో వచ్చే సమ్మర్లు రెండే, ఆ రెండూ క్లాసులకే పోతాయి. కానీ సమ్మరే కదా ఇంటర్న్‌షిప్ చేసే కాలం! ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద చదువుతూనే కంపెనీలో పనిచేయడానికి కావాల్సిన సీపీటీ అనే అనుమతి సాధారణంగా ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివాకే ఇస్తారు. నాలుగేళ్ల పిల్లవాడికి అలాంటి సమ్మర్లు మూడు దొరుకుతాయి. మీ ప్లాన్‌లో ఒక్కటీ మిగలదు. ఒక్క ఇంటర్న్‌షిప్ కూడా లేకుండా డిగ్రీ చేతిలో పెట్టుకుని ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం పనిచేసే అనుమతి) మీద ఉద్యోగం వెతుక్కునే పిల్లలతో నేను మాట్లాడుతుంటాను. ఏడాది ఫీజు మిగిలిందని సంతోషించే పరిస్థితిలో వాళ్లు లేరు. ఒక ఏడాది ఫీజు చిన్న మొత్తం అని నేను అనడం లేదు, అదెంత బరువో నాకు తెలుసు. ఆ బరువు తగ్గించడానికి మీరు ఎంచుకున్న దారి మీదే నా అభ్యంతరం.

గంటల లెక్క కూడా చూడండి. క్లాసులో గంటకు బయట కనీసం రెండు గంటల చదువు ఉంటుందని అక్కడ అనుకుంటారు. 18 క్రెడిట్లంటే వారానికి 54 గంటలు. సెమిస్టర్ నడిచేటప్పుడు ఎఫ్-1 విద్యార్థి క్యాంపస్‌లో గరిష్ఠంగా 20 గంటలు పనిచేయొచ్చు, మీరు అంతా రాసేశారు. మొత్తం 74 గంటలు. వంట, బట్టలు, నిద్ర వేరే. పద్దెనిమిదేళ్ల పిల్లవాడు, జీవితంలో మొదటిసారి ఒంటరిగా ఉండబోతున్నాడు. ఇది మీరు ఆలోచించి వేసిన ప్లానేనా?

అలాగని సరిగ్గా 12 క్రెడిట్లతో సరిపెట్టడం కూడా ప్రమాదమే. ఎఫ్-1 విద్యార్థికి 12 కనీసం. సరిగ్గా అంతే తీసుకుంటే ఒక్క సబ్జెక్టు తేడా కొట్టినా వదులుకోవడానికి ఉండదు. 15 తీసుకుంటే 3 క్రెడిట్ల సబ్జెక్టు ఒకటి డ్రాప్ చేసినా 12 మిగులుతుంది. 12 కంటే తగ్గాల్సిన పరిస్థితి వస్తే డ్రాప్ కొట్టకముందే ఇంటర్నేషనల్ ఆఫీసు అనుమతి తీసుకోవాలి, తర్వాత చెబితే వీసా స్టేటస్‌కే ముప్పు. సీనియర్లు చెప్పే ‘ఈజీ ఆన్‌లైన్ కోర్సులు’ కూడా జాగ్రత్త. ఆ కనీసం 12లో పూర్తి ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే లెక్కకు వస్తుంది.

డ్రాప్‌కూ గడువుంది. టెక్సాస్‌లో ఫాల్ (ఆగస్టులో మొదలయ్యే) సెమిస్టర్‌కు 12వ క్లాస్ రోజు ముఖ్యం. దానికి ముందు వదిలేస్తే రికార్డులో కనిపించదు. ఆ తర్వాత అయితే ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల రికార్డు) మీద డబ్ల్యూ, అంటే మధ్యలో వదిలేసినట్టు గుర్తు, పడుతుంది, పైగా డిగ్రీ మొత్తంలో ఆరు డ్రాపులే అనుమతించే చట్టం ఉంది (తగిన కారణం చూపిస్తే మినహాయిస్తారు). అందుకే మొదటి రెండు వారాల్లో ప్రతి సిలబస్ చదివి నిర్ణయించుకోమనండి.

నిర్ణయించుకోవాల్సింది అబ్బాయి. ఈ మాట కాస్త కటువుగానే చెప్తున్నాను, ఏమీ అనుకోవద్దు. అమెరికాలో ఫెర్పా అని 1974 నాటి చట్టం ఉంది. కాలేజీలో చేరాక రికార్డుల మీద హక్కు విద్యార్థిదే. అతను రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే సాధారణంగా మార్కులు మీకు కూడా చెప్పరు. మీరు అడ్వైజర్‌కు మెయిల్ రాస్తే మర్యాదగా ‘మీ అబ్బాయిని రాయమనండి’ అని జవాబొస్తుంది. ఇక్కడ కాలేజీ, హాస్టల్, కోచింగ్ అన్నీ మీరే చూశారు. ఆ పద్ధతి ఆగస్టులో ఆగిపోతుంది. కోర్సులు కూడా మీరే ఎంచి పంపితే, అక్టోబర్‌లో ఇబ్బంది వచ్చినప్పుడు ‘నాన్న వేసిన ప్లాన్ కదా’ అని మీకు చెప్పడానికి భయపడి దాచేస్తాడు. అలా దాచిన పిల్లలు నాకు తెలుసు. నేను అన్నిటికంటే భయపడేది దానికే.

అక్కడ రిజిస్ట్రేషన్ ఉదయం 9కి తెరిస్తే ఖమ్మంలో రాత్రి 7:30. ఆ సమయానికి లాప్‌టాప్ అబ్బాయి ముందుండాలి. అనుకున్న సెక్షన్ నిండిపోతే తీసుకోవడానికి మరో రెండు సెక్షన్లు కాగితం మీద రాసి పెట్టుకోమనండి. ఉదయం 8 గంటల క్లాసు వద్దంటే వద్దననివ్వండి. సంగీతం తీసుకుంటానంటే తీసుకోనివ్వండి, అది కూడా 42లో ఉన్నదే. మీరు పక్క గదిలో ఉండండి, పిలిస్తే వెళ్లండి. నాకు రాయాల్సిన తర్వాతి ఉత్తరం కూడా అతన్నే రాయమనండి, రెండు వాక్యాలైనా సరే.