టానిక్ తర్వాత, ముందు డాక్టర్‌కు చూపించండి

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు. స్కూల్ తరఫున పరుగు పందేల్లో పాల్గొంటుంది. రోజూ రెండు పూటలా ప్రాక్టీస్. సన్నబడితే ఇంకా వేగంగా పరిగెత్తొచ్చని తిండి బాగా తగ్గించేసింది. రాత్రి ఒక పండుతో సరిపెడుతోంది. ఆరు నెలల్లో 6 కిలోలు తగ్గింది. సాయంత్రానికి నీరసం, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయంటోంది. నాలుగు నెలలుగా పీరియడ్స్ కూడా రావడం లేదు. ఆటలాడే వాళ్లకు అది మామూలేనట. రక్తం తక్కువేమోనని మెడికల్ షాపులో అడిగి ఐరన్ మాత్రలు వేస్తున్నాం. బలానికి మంచి టానిక్ చెప్పగలరు. – ఒక తల్లి

సలహా: నాలుగు నెలలుగా పీరియడ్స్ రాలేదన్న విషయం ఉత్తరంలో మొదట ఉండాల్సింది. మీరు ఒక్క ముక్కలో చెప్పి టానిక్ దగ్గరికి వెళ్లిపోయారు. రజస్వల అయిన తొలి ఏడాది, రెండేళ్లలో నెలసరి కాస్త అటూ ఇటూ అవుతుంది, నిజమే. కానీ క్రమంగా వస్తున్నది మూడు నెలల పాటు ఆగిపోతే కారణం వెతకాల్సిందే. ఆటలాడే పిల్లలకు మామూలే అన్న మాట మీకెవరు చెప్పారో గానీ, అది నమ్మి ఇన్నాళ్లు ఆగడం సరికాదు.

అమ్మాయిని చూడకుండా ఇది ఫలానా అని తేల్చి చెప్పలేను. థైరాయిడ్, పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ సమస్య) వంటివీ ఉండొచ్చు. అయితే మీరు రాసినదాన్ని బట్టి నాకు ముందుగా వచ్చే అనుమానం, తింటున్నదానికన్నా ఖర్చవుతున్న శక్తి ఎక్కువగా ఉందని. ఒంటికి శక్తి చాలకపోతే మెదడు పొదుపు మొదలుపెడుతుంది. గుండె, ఊపిరి నడవాలి కాబట్టి అండాశయాలకు పంపే సంకేతాలు తగ్గిస్తుంది. ఆడవాళ్ల హార్మోన్ ఈస్ట్రోజెన్ పడిపోతుంది, నెలసరి ఆగుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లో ఈ పరిస్థితికి ‘రెడ్-ఎస్’ అని పేరు పెట్టారు. మగపిల్లల్లోనూ వస్తుంది, కాకపోతే వాళ్లలో నెలసరిలాంటి గుర్తు ఉండదు కాబట్టి ఆలస్యంగా బయటపడుతుంది.

నా టెన్షన్ ఎముకల గురించి. జీవితాంతం పనికొచ్చే ఎముక బలంలో 90 శాతం దాకా ఆడపిల్లలకు 18 ఏళ్లలోపే చేరుతుంది. సరిగ్గా ఆ వయసులో ఈస్ట్రోజెన్ లేకపోతే తర్వాత పూర్తిగా పూడ్చుకోవడం కష్టం. ఒకసారి మోకాలి కింద ముందువైపు ఎముకను వేలితో నొక్కుతూ కిందికి రండి. ఒకేచోట చురుక్కుమంటే పరుగు ఆపించి డాక్టర్‌కు చూపించండి. అక్కడ సన్నటి పగులు ఉండొచ్చు, మొదట్లో ఎక్స్‌రేలో కూడా కనిపించకపోవచ్చు.

ఇక ఐరన్ మాత్రలు. రక్తం తక్కువని ఏ పరీక్షలో తేలింది? ఉత్తరంలో ఎక్కడా లేదు. ఈ వయసు అమ్మాయికి హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే రక్తహీనత అంటాం. దాంతోపాటు ఫెరిటిన్ చూస్తే ఐరన్ నిల్వలు తెలుస్తాయి. అవేవీ లేకుండా అందాజాగా మాత్రలు వేస్తే కొందరికి కడుపునొప్పి, మలబద్ధకం వస్తాయి. అసలే తినని పిల్ల ఇంకా తినదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ డబ్బా అందకుండా పెట్టండి, వాళ్లు మింగితే ప్రాణం మీదికి వస్తుంది. మల్టీవిటమిన్ ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే దాన్ని కూడా తీసుకెళ్లి డాక్టర్‌కు చూపించండి. వాటిలో కొన్నింట్లో బయోటిన్ అనే విటమిన్ ఎక్కువ మోతాదులో ఉంటుంది, థైరాయిడ్ రిపోర్టును తారుమారు చేయగలదు. అన్నిటికన్నా ముఖ్యం, పీరియడ్స్ తెప్పించే మాత్రలంటూ ఎవరేమిచ్చినా వేయకండి. బ్లీడింగ్ కనిపిస్తుంది, మీరు ఊపిరి పీల్చుకుంటారు, కారణం మాత్రం అలాగే ఉండిపోతుంది.

ఈ వారంలోనే గైనకాలజిస్ట్‌నో, పిల్లల డాక్టర్‌నో కలవండి. పీరియడ్స్ ఆగితే ప్రెగ్నెన్సీ టెస్ట్ కూడా చేయిస్తాం, అది రొటీన్, నొచ్చుకోవద్దు. డాక్టర్ మీ అమ్మాయితో కాసేపు విడిగా మాట్లాడతానంటే మాట్లాడనివ్వండి. తిండి గురించి, బరువు గురించి మీ ముందు చెప్పనివి అప్పుడు చెబుతుంది.

ఈలోగా ప్రాక్టీస్ తగ్గించమని కోచ్‌కు మీరే చెప్పండి. ఈ వయసుకు రోజుకు సగటున కనీసం 60 నిమిషాల వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంతకుమించి చేసేవాళ్లు ఆ మేరకు తినాలి, వారంలో ఒక రోజైనా పూర్తి విశ్రాంతి తీసుకోవాలి, రాత్రి 8 నుంచి 10 గంటలు పడుకోవాలి. మూడు పూటలా కడుపునిండా భోజనం, ప్రాక్టీస్‌కు ముందూ తర్వాతా ఏదో ఒకటి తినాలి. ప్రతిపూటా పప్పు, గుడ్డు, పెరుగు, చేప, మాంసాల్లో ఏదో ఒకటి ఉండాలి. కాల్షియం రోజుకు 1300 మిల్లీగ్రాములు కావాలి, గ్లాసు పాలల్లో దాదాపు 300 ఉంటుంది. పాలు పడకపోతే వేరే దారులున్నాయి, డాక్టర్‌ను అడగండి. పిండిపదార్థాలు మానేయమని మాత్రం ఎవరు చెప్పినా వినొద్దు, పరిగెత్తే కాళ్లకు ఇంధనం అదే. కంచం ముందు బరువు ప్రస్తావన తేవద్దు, తినమని తిట్టొద్దు.

స్పృహ తప్పి పడిపోయినా, ఛాతీలో నొప్పి, గుండెదడ ఉన్నా, అసలు ఏమీ తిననని మొండికేసినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. టానిక్ అవసరమో కాదో రిపోర్టులు చూసి మీ డాక్టర్ చెబుతారు.